పాత కంప్యూటర్‌లో తెరుచుకోని పీపీటీ: ఎక్కడ చూడాలి, ఏం చెయ్యాలి

సెమినార్ వారం వచ్చిందంటే మన క్లాసుల్లో వినబడే మాట ఒకటే. "ఇంట్లో బాగానే ఓపెన్ అయ్యిందే!" ఇంట్లోనో, బస్టాండు పక్కన బ్రౌజింగ్ సెంటర్లోనో, తమ్ముడి ఫోన్లోనో చక్కగా కనబడిన పీపీటీ, సెమినార్ హాల్లో మూలనున్న పాత కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ తగిలించగానే మొండికేస్తుంది. విరుదునగర్లోనే ఉండేవాళ్ళు ఇంటికి పరిగెత్తి మార్చుకొస్తారు. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా రోజూ వచ్చిపోయే మాలాంటివాళ్ళకి ఆ వీలు లేదు. ఈ ఏడు నా ఫైల్‌కీ, తోటివాళ్ళ ఫైళ్ళకీ కలిపి నాలుగైదుసార్లు ఈ పని నా మీద పడింది. నేను కంప్యూటర్ సైన్సు అమ్మాయిని కాదు, బీఏ రెండో సంవత్సరం. అందుకే కంప్యూటర్ సైన్సు వాళ్ళ భాషలో కాకుండా మనం మాట్లాడుకునే భాషలో రాస్తున్నాను.

"ఓపెన్ కాలేదు" అని మనం అనేస్తాం గానీ, ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు జబ్బులున్నాయి. ఫైల్ అసలు తెరుచుకోకపోవడం ఒకటి. తెరుచుకున్నా తెలుగు అక్షరాలు పోవడం ఇంకొకటి. అక్షరాలు ఉండి, శబ్దం పోవడం మూడోది. మూడిటికీ మందు వేరు. మొదటిదానికి భయపడతాం గానీ నిజానికి అది అన్నిటికన్నా తేలిక. మూడోది అన్నిటికన్నా చేటు. ఎందుకో చివర్లో చెప్తాను.

మొదట తెరుచుకోని ఫైల్ సంగతి. పవర్‌పాయింట్ 2003 వరకు ఫైల్ పేరు చివర పీపీటీ అని మూడక్షరాలు ఉండేవి. 2007 నుంచి పీపీటీఎక్స్ అయింది. ఒక్క ఎక్స్ అక్షరమే కదా అనుకుంటాం, లోపల మాత్రం ఇల్లే మారిపోయింది. పాత పీపీటీలో స్లైడ్లు, బొమ్మలు, రంగులు అన్నీ కలిపి కంప్యూటర్ మాత్రమే చదవగల ఒకే ముద్దగా పెట్టేవారు. కొత్త పీపీటీఎక్స్ అంటే నిజానికి ఒక జిప్ మూట. దాంట్లో ఒక్కో స్లైడుకి ఒక్కో ఎక్స్ఎమ్ఎల్ కాయితం, బొమ్మలకి వేరే సంచి, శబ్దాలకి కూడా అదే సంచి. ఈ పద్ధతిని 2006 డిసెంబర్లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ ఒప్పుకుంది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమూ అయింది. మూట కట్టే పద్ధతి పుట్టకముందే తయారైన 2003 సాఫ్ట్‌వేర్‌కి ఆ మూట ఎలా విప్పాలో తెలియదు, అంతే.

నమ్మకం లేకపోతే మీరే చూడొచ్చు. ఏదైనా పీపీటీఎక్స్ ఫైల్‌ని కాపీ చేసి (అసలుదాన్ని ముట్టుకోకండి), కాపీ పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల పీపీటీ అని ఒక ఫోల్డర్, దాంట్లో స్లైడ్స్ అని ఒకటి, మీడియా అని ఒకటి కనబడతాయి. మీడియా ఫోల్డర్‌ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అదే ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొట్టమొదట పీ, కే అనే రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. జిప్ పద్ధతి కనిపెట్టిన ఫిల్ కాట్జ్ అనే అమెరికా ఆయన పేరులోని పొడి అక్షరాలవి. మన స్లైడ్లన్నిటి తలమీద ఆయన సంతకం ఉందని తెలిసినరోజు నేను బస్సులో పక్కమ్మాయికి కూడా చెప్పాను. ఆమెకి పెద్దగా పట్టలేదు.

కాబట్టి మొదట చూడాల్సింది పేరు చివర ఏముందో. విండోస్ చాలాసార్లు ఆ చివరి భాగాన్ని దాచేస్తుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ అనే చోట, తెలిసిన ఫైళ్ళ ఎక్స్‌టెన్షన్లు దాచమనే గడిలో టిక్ తీసేస్తే కనబడుతుంది. పీపీటీఎక్స్ అని ఉంటే, పేరులోంచి ఎక్స్ కొట్టేసి పీపీటీ అని మార్చేవాళ్ళని ఇద్దరిని చూశాను. పేరు మారితే లోపలి మూట మారదు. చెంబు మీద "పాలు" అని రాసినంత మాత్రాన నీళ్ళు పాలవుతాయా?

సరైన పని, కొత్త పవర్‌పాయింట్ ఉన్నచోటే ఫైల్‌ని పాత రకంగా సేవ్ చేసుకురావడం. ఫైల్, సేవ్ యాజ్, కింద రకం అడిగేచోట "పవర్‌పాయింట్ 97-2003 ప్రెజెంటేషన్" అని ఎంచుకోవాలి. చేసేముందు ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో చెక్ ఫర్ ఇష్యూస్, అందులో చెక్ కంపాటిబిలిటీ నొక్కితే, పాత రకంలోకి వెళ్ళాక ఏవి దెబ్బతింటాయో జాబితా చూపిస్తుంది. స్మార్ట్‌ఆర్ట్ అనే గీతల బొమ్మలు మామూలు బొమ్మలైపోతాయి, ఆ తర్వాత వాటిలో అక్షరం దిద్దలేం. మార్ఫ్ లాంటి కొత్త కదలికలు పనిచెయ్యవు. లోపల పొదిగిన వీడియో, ఆడియో కూడా ఆడకపోవచ్చు. నన్నడిగితే సెమినార్‌కి కదలికలు ఎందుకు? అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చేలోపు మేడమ్ ప్రశ్న అడిగేస్తారు.

ఇంటర్నెట్‌లో వెదికితే చాలామంది ఇచ్చే సలహా, పాత ఆఫీస్‌కి కంపాటిబిలిటీ ప్యాక్ వేసుకోమని. ఒకప్పుడు అది మంచి సలహానే. కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని 2018లో విరమించింది, పవర్‌పాయింట్ వ్యూయర్‌ని కూడా అప్పుడే. ఆఫీస్ 2003కైతే 2014 ఏప్రిల్‌తోనే మద్దతు ఆగిపోయింది. ఇప్పుడు ఆ ప్యాక్ ఇస్తామని పిలిచే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోకండి. పెన్‌డ్రైవ్ నిండా వైరస్ తెచ్చుకుంటారు.

దానికన్నా మేలైనది లిబ్రెఆఫీస్. ఉచితం. దాంట్లో పవర్‌పాయింట్ లాంటిదాన్ని ఇంప్రెస్ అంటారు. అది పీపీటీనీ తెరుస్తుంది, పీపీటీఎక్స్‌నీ తెరుస్తుంది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరైతే కొత్త లిబ్రెఆఫీస్ ఎక్కదు. ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరిది 5.4, అది వెదికి వేసుకోవాలి. 6.0 నుంచి విండోస్ 7 కావాలి. మనలో చాలామంది ఇళ్ళలో అక్కకో అన్నకో సర్కారు ఇచ్చిన ఉచిత లాప్‌టాప్ ఉంటుంది కదా, 2011లో మొదలైన పథకంలోది. వాటిలో విండోస్‌తో పాటు సీడాక్ వాళ్ళ బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు. ఎవరూ దాన్ని తెరవరు. ఒకసారి తెరిచి చూడండి, ఓపెన్ఆఫీసో లిబ్రెఆఫీసో అందులో ఉండే అవకాశం ఎక్కువ. గూగుల్ స్లైడ్స్ కూడా రెండు రకాల ఫైళ్ళనీ తెరుస్తుంది, కాకపోతే దాన్నుంచి పాత పీపీటీ రకంగా దించుకోలేం, నెట్ కూడా కావాలి.

పేరు, రకం అన్నీ సరిగ్గా ఉన్నా తెరుచుకోకపోతే ఫైల్ సైజు చూడండి. సున్నా కేబీ అనో, ఇంట్లో ఉన్నదానికన్నా తక్కువో ఉంటే, పెన్‌డ్రైవ్‌ని ముందే లాగేశారన్నమాట. మెయిల్‌లో వచ్చిన ఫైల్ అయితే ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ అనే గడి ఉందేమో చూడండి. కొన్నిచోట్ల కొత్త పవర్‌పాయింటే పాతకాలం ఫైళ్ళని భద్రత కోసం ఆపేస్తుంది. ట్రస్ట్ సెంటర్‌లో ఫైల్ బ్లాక్ సెట్టింగ్స్ అనేచోట ఆ టిక్ ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని మనంతట మనం మార్చకూడదు, అక్కడి అసిస్టెంట్‌ని అడగాలి.

ఇక రెండో జబ్బు. ఇది తమిళ డిపార్ట్‌మెంట్ వాళ్ళకీ మనకీ మాత్రమే వచ్చేది, ఇంగ్లీషు వాళ్ళకి తెలియనే తెలియదు. ఫైల్ తెరుచుకుంటుంది, బొమ్మలుంటాయి, తెలుగు ఉండాల్సిన చోట డబ్బాలు వరసగా ఉంటాయి. లేదా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఆశ్చర్యార్థకాలు. ఈ రెండూ ఒకటి కావు. డబ్బాలుంటే సంతోషించండి, మీ తెలుగు యూనికోడ్‌లో క్షేమంగా ఉంది, ఆ కంప్యూటర్లో దాన్ని చూపించే ఫాంట్ లేదు, అంతే. ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంట్ వచ్చింది, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల. ఎక్స్‌పీలో గౌతమి ఉన్నా ఒత్తులు విడిపోయి అక్షరాలు చెదిరి కనబడుతుంటే, కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడిలో టిక్ పెట్టాలి. అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఎక్కడుందో అడిగితే ల్యాబ్‌లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఇంగ్లీషు అక్షరాలు కనబడితే అది యూనికోడ్ కాదు. అను లాంటి డీటీపీ ఫాంట్లలో కొట్టినది. అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంట్ లేనిచోట వేషం ఊడి అసలు అక్షరం బయటపడుతుంది. పెళ్ళిపత్రికల కొట్లో కొట్టించుకొచ్చిన స్లైడ్లన్నీ ఇదే రకం. తమిళంలోనూ ఇదే తిప్పలు ఉండేవి, ఒక్కో కొట్టుకి ఒక్కో రకం ఫాంట్. 2010లో తమిళనాడు ప్రభుత్వం యూనికోడ్‌నే ప్రమాణంగా ప్రకటించాక కాస్త సర్దుకుంది. మనం చెయ్యగలిగింది, మొదటినుంచీ యూనికోడ్‌లోనే కొట్టడం. ఫోన్లో మనం కొట్టే తెలుగంతా యూనికోడే. మండలి, రామభద్ర, నోటో లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాడిన ఫాంట్ ఫైల్‌ని కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకురండి. లేదా ఫైల్, ఆప్షన్స్, సేవ్ దగ్గర "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" అని టిక్ పెడితే ఫాంట్ కూడా మూటలోనే చేరుతుంది. పక్కనే ఒక పీడీఎఫ్ కాపీ తప్పకుండా ఉంచుకోండి. పీడీఎఫ్‌లో అక్షరాలు దాదాపు ఎక్కడైనా ఉన్నవి ఉన్నట్టే కనబడతాయి. శబ్దం మాత్రం ఉండదు.

శబ్దం అన్నాను కదా, ఇప్పుడు మూడో జబ్బు.

ఈ ఏడు నా సెమినార్ కి. రాజనారాయణన్ గారి 'గోపల్ల గ్రామం' నవల మీద. ఆయనది మా కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగు నేలనుంచి వలస వచ్చి ఈ కరిసల్ నేలలో కుదురుకున్నవాళ్ళ కథ ఆ నవల. దాని తర్వాతిది, 'గోపల్లపురత్తు మక్కళ్', 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. ఆయన ఈ ప్రాంతపు తమిళ మాటలకి ఒక నిఘంటువే కూర్చారు. మరి ఇదే నేలలో మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగుకి? మా అవ్వ "వస్తా ఉండాది" అంటుంది, పుస్తకంలో "వస్తోంది" అని ఉంటుంది. ఆ మాటతీరు స్లైడ్లలో వినిపించాలని వెదుకుతుంటే, మేడమ్ బీరువాలోంచి ఒక సీడీ తీసి ఇచ్చారు. 2009లో ఒక సీనియర్ అక్క చేసిన పీపీటీ. కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగింటి అవ్వల గొంతులు రికార్డు చేసి పెట్టారట.

ఫైల్ ఇట్టే తెరుచుకుంది. పాత పీపీటీని కొత్త పవర్‌పాయింట్ తెరవగలదు కదా. ఒక్కో స్లైడు మీద చిన్న స్పీకర్ బొమ్మ, మొత్తం పదకొండు. నొక్కితే నాలుగే మాట్లాడాయి. మిగతా ఏడు మౌనం.

కారణం వెదికితే తేలిందిది. పవర్‌పాయింట్ 2003లోనూ 2007లోనూ శబ్దాన్ని చేర్చినప్పుడు అది నిజంగా ఫైల్ లోపలికి వెళ్ళాలంటే రెండు షరతులు. అది వేవ్ రకం అయ్యుండాలి, సైజు 100 కేబీ దాటకూడదు. దాటితే ఫైల్‌లో శబ్దం ఉండదు, శబ్దం ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రం ఉంటుంది. ఎంపీత్రీ అయితే ఎంత చిన్నదైనా చిరునామానే. టూల్స్, ఆప్షన్స్, జనరల్‌లో ఆ 100ని 50,000 వరకు పెంచుకోవచ్చు. ఆ సంగతి తెలిసి మార్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? తయారుచేసిన కంప్యూటర్లో అన్నీ మోగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సీడీకి ఎక్కించేటప్పుడు ప్యాకేజ్ ఫర్ సీడీ అనే దారిలో ఎక్కిస్తే శబ్దాలు కూడా వెంట వస్తాయి. పీపీటీ ఒక్కదాన్నే కాపీ చేస్తే చిరునామాలే వస్తాయి.

100 కేబీ అంటే ఎంత? సాదా నాణ్యతలో పది పన్నెండు సెకన్లు. సీడీ నాణ్యతలో అయితే అర సెకను మీద కాస్త. అందుకే మిగిలిన ఆ నాలుగూ ఒక్కొక్క మాట: గొర్రు, గుంటక, సజ్జ, ఇంకొకటి వాన మీద ఒక చిన్న వాక్యం. ఆ వాక్యం మధ్యలో ఒక కోడి కూస్తుంది. పాటలన్నీ పెద్దవి, అవే పోయాయి.

ఇలాంటి ఫైల్ మీకు దొరికితే ఇలా చెయ్యండి. కొత్త పవర్‌పాయింట్‌లో తెరిచి, ఫైల్, ఇన్ఫో దగ్గర కుడిపక్క కింద "ఎడిట్ లింక్స్ టు ఫైల్స్" అని ఉంటే నొక్కండి. ఏ శబ్దానికి ఏ చిరునామా ఉందో జాబితా వస్తుంది. ఆ పేరుతో ఫైల్ ఎక్కడైనా దొరికితే పీపీటీ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. పవర్‌పాయింట్ అక్కడా వెదుకుతుంది. లోపల ఉన్న శబ్దాల్ని బయటికి తియ్యాలంటే, పీపీటీని పీపీటీఎక్స్‌గా సేవ్ చేసి, కాపీ పేరుని జిప్‌గా మార్చి, ఇందాక చెప్పిన మీడియా ఫోల్డర్ తెరవండి. ఆ నాలుగు మాటలూ నాకు అక్కడే వేవ్ ఫైళ్ళుగా దొరికాయి.

కొత్తగా చేసేవాళ్ళకి: 2010 నుంచి పవర్‌పాయింట్ శబ్దాన్ని మామూలుగా లోపలే పెట్టుకుంటుంది, ఆ బాధ తగ్గింది. కానీ ఫోన్ రికార్డింగులు చాలావరకు ఎమ్‌ఫోర్‌ఏ రకంలో వస్తాయి. పవర్‌పాయింట్ 2013కి ముందువాటిలో అవి అలాగే ఆడవు. వీఎల్‌సీ ప్లేయర్‌లో కన్వర్ట్ అనే దారిలో వేవ్‌గా మార్చుకుని చేర్చండి. అసలు రికార్డింగుల్ని స్లైడులోనే వదిలెయ్యకుండా విడిగా ఒక ఫోల్డర్‌లో ఉంచండి, ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి. స్లైడుకి వయసైపోతుంది. వేవ్ ఫైల్, టెక్స్ట్ ఫైల్ ఇంకా చాలాకాలం తెరుచుకుంటాయి.

ఆ సీనియర్ అక్కకి మేడమ్ కబురు పంపించారు. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్నారు. అప్పటి కంప్యూటర్‌ని ఇంట్లోవాళ్ళు ఎప్పుడో పాతసామాన్లకి వేసేశారట. ఆ నాలుగు వేవ్ ఫైళ్ళూ, స్లైడ్ల పీడీఎఫ్‌తో పాటు డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో "అవ్వ గొంతు" అనే ఫోల్డర్‌లో ఉన్నాయి.

దొరకని ఏడు పాటల పేర్లు లింకుల జాబితాలో మిగిలాయి, అక్క ఫైళ్ళకి పెట్టుకున్న పేర్లే: జోల ఒకటి, జోల రెండు, కలుపు పాట, విసుర్రాయి పాట, కోలాటం, దేవరాట్టం, పెండ్లి పాట. కోవిల్‌పట్టి, సాత్తూరు, ఎట్టయాపురం వైపు ఊళ్ళనుంచి వచ్చే చెల్లెళ్ళు ఈ పండగ సెలవల్లో మీ అవ్వనో జేజినో అడగండి, వీటిలో ఒక్కటైనా వస్తుందేమో. పాడితే ఫోన్లో రికార్డు చేసి, వాట్సాప్‌లో పంపకుండా ఫైల్‌నే పెన్‌డ్రైవ్‌లో పట్టుకురండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత నేను డిపార్ట్‌మెంట్ గదిలోనే ఉంటాను.